డాష్‌క్యామ్ హార్డ్‌వైరింగ్: తాళం వేసిన అరగంటకు కెమెరా ఆగిపోతోంది, పొరపాటు ఎక్కడ?

బెజవాడ_సెల్లారు (విజయవాడ) · శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మా అపార్టుమెంటు సెల్లారులో నిలిపి ఉంచిన కారుకు నాలుగు నెలల్లో రెండుసార్లు ఎడమ తలుపు మీద సొట్ట పడింది. వాచ్‌మన్‌ను అడిగితే తాను చూడలేదన్నాడు. అతని తప్పు కూడా ఏమీ లేదు, అరవై కార్లను ఒక మనిషి రాత్రంతా కనిపెట్టలేడు. అందుకే పార్కింగ్ మోడ్ (కారు నిలిపి ఉన్నప్పుడు కూడా రికార్డు చేయడం) ఉన్న డాష్‌క్యామ్, అంటే ముందు అద్దానికి బిగించే కెమెరా, దానితోపాటు దానికి కారు ఫ్యూజు బాక్సు నుంచి పవర్ ఇచ్చే హార్డ్‌వైర్ కిట్ కొన్నాను. బిగించమని ఒక యాక్సెసరీస్ దుకాణానికి వెళ్తే, కారు వైరును మధ్యలో చెక్కి కిట్ వైరు మెలిపెట్టి టేపు చుడతామన్నారు. మనసొప్పక తిరిగి వచ్చేశాను.

పోయిన ఆదివారం నేనే పని మొదలుపెట్టాను. కిట్‌లో మూడు వైర్లు ఉన్నాయి. పసుపు ఎప్పుడూ పవర్ ఉండే చోటికి, ఎరుపు తాళం తిప్పితేనే పవర్ వచ్చే చోటికి, నలుపు బాడీ ఎర్తుకు. ఫ్యూజు బాక్సు మూత మీది పట్టిక చూసి, పసుపును రూమ్ ల్యాంప్ ఫ్యూజు దగ్గర, ఎరుపును 12 వోల్టుల సాకెట్ ఫ్యూజు దగ్గర ఫ్యూజు ట్యాప్‌లతో (ఫ్యూజు గాడిలో పెట్టి, అదనపు ఫ్యూజుతో మరో వైరు తీసుకునే ముక్కలు) ఇచ్చాను. నలుపును డ్రైవర్ కాళ్ల పక్కనున్న బోల్టుకు బిగించాను.

నడుపుతున్నప్పుడు అంతా బాగానే ఉంది. కారు ఆపగానే కెమెరా పార్కింగ్ మోడ్‌లోకి వెళ్తోంది. ఉదయం చూస్తే మాత్రం, తాళం వేసిన ఇరవై, ముప్పై నిమిషాల తర్వాత ఒక్క రికార్డింగు కూడా ఉండటం లేదు. వారంలో ఆరు రాత్రులూ ఇదే. కిట్ కటాఫ్, అంటే బ్యాటరీ అంతకు దిగితే కెమెరాకు పవర్ ఆపేసే హద్దు, 12.4 వోల్టుల దగ్గర పెట్టాను. పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ, మూడేళ్లు నిండాయి. ఉదయం బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ 12.5 చూపిస్తోంది. ఏమై ఉంటుంది?

ఘాట్‌రోడ్_77 (విశాఖపట్నం) · శనివారం, రాత్రి 9:40

కటాఫ్ వల్లే అనుకుంటున్నాను. మూడేళ్ల బ్యాటరీ మీద కాస్త లోడు పడగానే 12.4 కిందికి దిగుతుంది. కిట్ ఒకసారి కట్ చేసిందంటే మళ్లీ తాళం తిప్పేదాకా కెమెరా లేవదు. లోడు పోయాక బ్యాటరీ వోల్టేజీ మళ్లీ కొంచెం పైకి వస్తుంది, అందుకే ఉదయం మీకు 12.5 కనిపిస్తోంది. 11.8కి దించి చూడండి.

తీగలపని (నల్గొండ) · శనివారం, రాత్రి 10:25

ఇరవై ఆరేళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పనే నా బతుకు. ఘాట్‌రోడ్ గారు చెప్పిన కారణం కొట్టిపారేయదగినది కాదు. కానీ దయచేసి 11.8కి మాత్రం దించకండి. పూర్తిగా చార్జ్ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ నిలకడగా ఉన్నప్పుడు 12.6, 12.7 చూపుతుంది. 12.2కి వచ్చేసరికి దాదాపు సగం ఖాళీ. 11.8 అంటే అడుగంటినట్టే. స్టార్టింగ్ బ్యాటరీ లోపలి పలకలు పలుచగా ఉంటాయి, క్షణంలో పెద్ద కరెంటు ఇవ్వడానికి చేసినవి అవి. రోజూ అడుగుదాకా వాడితే సల్ఫేషన్ (పలకల మీద గట్టి పొర) పట్టి, ఏళ్లు రావలసిన బ్యాటరీ నెలల్లో పోతుంది. అలా పోయిన బ్యాటరీలు నా దుకాణం మూలన ఎన్నో చూశాను.

మీ విషయంలో నా అనుమానం వేరే చోట ఉంది. ప్రతి రాత్రీ ఒకే సమయానికి ఆగుతోందంటున్నారు. బ్యాటరీ బలహీనతే కారణమైతే ఒక రాత్రి పది నిమిషాలకు, ఒక రాత్రి రెండు గంటలకు ఆగాలి, ఆ రోజు మీరు ఎంత దూరం నడిపారన్న దాన్నిబట్టి. గడియారం పెట్టినట్టు ఆగుతోందంటే ఎవరో లెక్కపెట్టి ఆపుతున్నారు. ఇప్పటి కార్లలో లోపలి లైట్ల లైనును బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. మనం లైటు మరచి దిగిపోతే బ్యాటరీ పోకుండా, కొంత సేపయ్యాక ఆ లైనుకు పవర్ తీసేస్తుంది. మీ పసుపు వైరు ఉన్నది రూమ్ ల్యాంప్ మీదే కదా!

పట్టిక మీద పేరు చూసి నమ్మకండి, మీటర్ పెట్టి చూడండి. అదీ కారు ఆపగానే కాదు, తాళం వేసి అరగంట దాటాక.

బెజవాడ_సెల్లారు · శనివారం, రాత్రి 10:41

అన్నయ్యా, మీరు చెప్పింది చదివి కూర్చోలేకపోతున్నాను. కానీ ఒక సందేహం. తాళం వేసి అరగంట అంటే తలుపులన్నీ మూసి ఉండాలి. మీటర్ పెట్టాలంటే తలుపు తెరవాలి. తెరవగానే కారు మళ్లీ మేలుకుంటుంది కదా?

తీగలపని · శనివారం, రాత్రి 10:58

మంచి ప్రశ్న తమ్ముడూ. డ్రైవర్ తలుపు తెరిచే ఉంచి, తలుపు అంచున ఉన్న లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కండి. టక్కుమని రెండుసార్లు పడుతుంది. ఇక కారు దృష్టిలో ఆ తలుపు మూసినట్టే. కొన్ని కార్లలో స్విచ్చు లాచ్‌లో కాకుండా తలుపు స్తంభం మీద విడిగా, చిన్న రబ్బరు గుండీలా ఉంటుంది, అప్పుడు దాన్ని నొక్కి టేపు వేయాలి. తర్వాత రిమోట్‌తో లాక్ చేసి, స్మార్ట్ కీ అయితే దాన్ని ఇంట్లో పెట్టి రండి. దగ్గర్లో ఉంటే కొన్ని కార్లు నిద్రపోవు. ముందే ఫ్యూజు బాక్సు మూత తీసి, మీటర్ నలుపు మొనను బోల్టుకు క్లిప్‌తో తగిలించి ఉంచండి. పది నిమిషాలకొకసారి ఎరుపు మొనతో ఫ్యూజు తల మీదున్న రెండు చిన్న చుక్కలను తాకుతూ ఉండండి. ఫ్యూజు ఊడదీయనవసరం లేదు.

పని అయ్యాక ఒక మాట మరవకండి. రిమోట్‌తో అన్‌లాక్ చేసి, తలుపు హ్యాండిల్ లాగి లాచ్‌ను విడిపించాకే తలుపు మూయాలి. లేకపోతే లాచ్ దెబ్బతింటుంది.

పెన్నా_తీరం (నెల్లూరు) · ఆదివారం, ఉదయం 7:05

ఇంత కష్టం ఎందుకండీ, ఓబీడీ పోర్టుకు (సర్వీసులో స్కానర్ పెట్టే సాకెట్) తగిలించే కేబుల్ దొరుకుతుంది. స్టీరింగ్ కింద గుచ్చితే చాలు. నేను ఏడాదిగా వాడుతున్నాను.

తీగలపని · ఆదివారం, ఉదయం 7:50

వాడుకోవచ్చు, తప్పు లేదు. ఓబీడీలో 16వ పిన్ను నేరుగా బ్యాటరీ పవర్, 4, 5 పిన్నులు ఎర్తు. అందులో తాళం తిప్పినప్పుడు మాత్రమే వచ్చే ఏసీసీ లైను లేదు. అందుకే ఆ కేబుళ్లు చాలావరకు ఇంజను నడుస్తుంటే వోల్టేజీ 13.5 దాటడం చూసి, కారు కదులుతోందని ఊహించుకుంటాయి. ఆల్టర్నేటర్ చార్జింగ్‌ను తగ్గిస్తూ పెంచుతూ ఉండే కొత్త కార్లలో ఆ ఊహ తప్పుతుంది, నడుస్తుండగానే కెమెరా పార్కింగ్ మోడ్‌లోకి వెళ్తుంది. ఇంకొకటి, సర్వీసుకు ఇచ్చినప్పుడు వాళ్లు స్కానర్ పెట్టడానికి దాన్ని పీకేస్తారు. మళ్లీ పెట్టారో లేదో మీరే చూసుకోవాలి.

పెన్నా_తీరం · ఆదివారం, ఉదయం 8:02

రెండోది నాకు నిజంగానే జరిగింది. సర్వీసు తర్వాత పన్నెండు రోజులు కెమెరాకు పవర్ లేదని తెలియలేదు. మొదటిది నా కారులో లేదు, అది పాత మోడల్.

బెజవాడ_సెల్లారు · ఆదివారం, మధ్యాహ్నం 12:36

ఫలితం వచ్చింది. ఉదయం 10:05కి లాక్ చేశాను.

10:05కి రూమ్ ల్యాంప్ ఫ్యూజు మీద 12.6. 10:15కి 12.6. 10:25కి 12.6. 10:35కి సున్నా!

అదే సమయంలో బ్యాటరీ దగ్గర 12.6 అలాగే ఉంది. అన్నయ్యా, మీరు నల్గొండలో కూర్చుని నా కారు లోపలిది చెప్పారు. ఆరు రాత్రులు కిట్‌ను, కెమెరాను, చివరికి మెమరీ కార్డును కూడా అనుమానించాను. ఒక్క ఫ్యూజు గురించి అరగంట ఓపిక పట్టి ఉంటే తెలిసిపోయేది.

ఇప్పుడు పసుపు వైరును ఎక్కడికి మార్చాలి?

ఘాట్‌రోడ్_77 · ఆదివారం, మధ్యాహ్నం 12:50

నా అంచనా తప్పింది, సంతోషమే. 11.8 సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

తీగలపని · ఆదివారం, మధ్యాహ్నం 2:15

కారు చచ్చినట్టు పడి ఉన్నా పనిచేయవలసినవి ఏమిటో ఆలోచించండి. హజార్డ్ లైట్లు, డోర్ లాక్. దారిలో ఆగిపోయిన కారుకు తాళం లేకపోయినా హజార్డ్ లైట్లు వెలగాలి, కనుక ఆ లైనుకు ఎప్పుడూ పవర్ ఉంటుంది. ఈ రెండింటిలో ఒకటి తీసుకోండి, కానీ దాన్ని కూడా అరగంట పరీక్ష తర్వాతే.

ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకు వ్యవస్థ), ఇంజను ఈసీయూ (ఇంజను కంప్యూటర్), పవర్ స్టీరింగ్, ఫ్యూయల్ పంపు, హెడ్‌లైట్లు, ఈ ఫ్యూజుల జోలికి వెళ్లకండి. ఖాళీగా ఉందని ముచ్చటపడి కూడా వద్దు. ట్యాప్ వదులైతే కెమెరా ఆగడం వేరు, బ్రేకు వ్యవస్థ ఆగడం వేరు.

ఇక ట్యాప్ దిశ. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఫ్యూజు తీసేస్తే ఖాళీ గాడిలో రెండు కాళ్ల చోట్లు కనిపిస్తాయి. ఒకటి బ్యాటరీ వైపు, ఒకటి లోడు వైపు. ట్యాప్ సరైన దిశలో ఉంటే పాత పరికరం కరెంటు పాత ఫ్యూజు ద్వారా, కెమెరా కరెంటు కొత్త ఫ్యూజు ద్వారా విడివిడిగా వెళ్తాయి. తిరగేసి పెడితే కెమెరా కరెంటు రెండు ఫ్యూజులూ దాటి వెళ్తుంది, పాత ఫ్యూజు మీద లోడు పెరుగుతుంది. తెలుసుకోవడం తేలిక. ట్యాప్‌లో పాత ఫ్యూజు తీసేసి కొత్తది మాత్రమే ఉంచి గాడిలో పెట్టండి. ట్యాప్ వైరు చివర 12 వోల్టులు వస్తే దిశ సరే. రాకపోతే ట్యాప్ తీసి తిప్పి పెట్టండి.

కెమెరా గాడిలో 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ట్యాప్ ప్యాకెట్టుతో ఒక్కోసారి 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు వస్తుంది, దాన్ని పక్కన పడేయండి. కిట్ వైరు సన్నగా ఉంటుంది. ఎక్కడైనా రాపిడికి ఇన్సులేషన్ పోయి బాడీకి తగిలితే, 10 ఆంపియర్ల ఫ్యూజు పోయే లోపే వైరు వేడెక్కి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరుగుతుంది. ఫ్యూజు ఉన్నది కెమెరాను కాపాడటానికి కాదు, వైరు అంటుకోకుండా చూడటానికి.

రామగుండం_ఎండ (రామగుండం) · ఆదివారం, సాయంత్రం 4:20

తీగలపని గారి మాటకు నాదొక సాక్ష్యం. ఏడేళ్ల కిందట మా బావగారి కారులో ఒక మెకానిక్ ఫ్యూజు దొరకలేదని రాగి తీగ పోచ చుట్టి పెట్టాడు. తర్వాత అదనపు హారన్ వైరు డాష్‌బోర్డు వెనక నలిగింది. పొగ వస్తే అందరూ దిగారు, మనుషులకు ఏమీ కాలేదు. వైర్ల కట్ట మొత్తం మార్చవలసి వచ్చింది. రెండు రూపాయల వస్తువు దగ్గర రాజీ పడకండి.

మా ఊరి ఎండ గురించి కూడా చెప్పాలి. మే నెలలో బయట నిలిపిన కారులో అద్దం వెనక ఉన్న కెమెరాను ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. నా మొదటి కెమెరాలో లిథియం బ్యాటరీ ఉండేది, రెండో వేసవికి ఉబ్బి డొప్ప విచ్చుకుంది. ఇప్పుడు సూపర్ కెపాసిటర్ ఉన్నది వాడుతున్నాను, నాలుగో వేసవి గడుస్తోంది. కెపాసిటర్ ఎక్కువసేపు పవర్ దాచుకోదు. కారు ఆగినప్పుడు చివరి ఫైలు సరిగ్గా ముగించడానికి సరిపోతుంది, అంతే. హార్డ్‌వైర్ చేసినవారికి అంతకుమించి అవసరం కూడా లేదు.

టేపు విషయంలోనూ జాగ్రత్త. మామూలు నల్ల పీవీసీ టేపు ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. కార్ల కంపెనీలు వైర్ల కట్టలకు చుట్టే గుడ్డ టేపు వాడండి. వేడికి తట్టుకుంటుంది, ప్లాస్టిక్ మీద టకటకమనే చప్పుడూ రాదు.

నిశ్శబ్ద_చక్రం (హైదరాబాద్) · ఆదివారం, సాయంత్రం 6:33

నాది ఎలక్ట్రిక్ కారు. అంత పెద్ద బ్యాటరీ ఉంది కదా, కెమెరా ఎంత తింటే ఏమవుతుందని కటాఫ్ తక్కువగా పెట్టాను. ఊరెళ్లి పది రోజులకు వచ్చేసరికి కారు తెరుచుకోలేదు. పెద్ద బ్యాటరీలో 70 శాతం చార్జ్ ఉంది!

తీగలపని · ఆదివారం, సాయంత్రం 7:10

ఎలక్ట్రిక్ కారులోనూ లైట్లకు, తాళాలకు, కంప్యూటర్లకు విడిగా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. పెద్ద బ్యాటరీని వ్యవస్థకు కలిపే కాంటాక్టర్లు (పెద్ద స్విచ్చులు) మూసుకోవాలంటే ఆ చిన్న బ్యాటరీయే పవర్ ఇవ్వాలి. అది పోతే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా లాభం లేదు. కారు ఆన్‌లో ఉన్నప్పుడు, చార్జింగులో ఉన్నప్పుడు పెద్దది చిన్నదాన్ని నింపుతుంది. కొన్ని మోడళ్లు నిలిపి ఉన్నప్పుడు కూడా మధ్యమధ్యలో నింపుకుంటాయి, కొన్ని నింపుకోవు. ఊరెళ్లేటప్పుడు పార్కింగ్ మోడ్ ఆపేయండి. ఇది పెట్రోల్ కార్లకూ వర్తిస్తుంది.

లెక్కల_మాస్టారు (కర్నూలు) · ఆదివారం, రాత్రి 8:05

బెజవాడ తమ్ముడికి ఒక లెక్క చెబుతాను. పార్కింగ్ మోడ్‌లో కెమెరా 3.5 వాట్లు తీసుకుంటుందనుకుందాం. 12.5 వోల్టుల దగ్గర అది 0.28 ఆంపియర్లు. రాత్రి పది గంటలకు 2.8 ఏహెచ్. 35 ఏహెచ్ బ్యాటరీ మూడేళ్ల వయసుకు నిజంగా ఇచ్చేది 25 అనుకుంటే, అందులో సగానికి మించి వాడకూడదు కనుక చేతిలో ఉన్నది 12 ఏహెచ్. అంటే నాలుగు రాత్రులు. రోజూ అరగంట అయినా నడిపితే పోయింది చాలావరకు తిరిగి వస్తుంది. ఆదివారం మాత్రమే కారు తీసేవారైతే ఆరు రోజులు, రాత్రింబవళ్లు కలిపి 40 ఏహెచ్ కావాలి. అది ఆ బ్యాటరీ వల్ల కాదు.

కనుక ముందు తెలుసుకోవలసింది మీ కెమెరా నిజంగా ఎంత తీసుకుంటోంది అన్నది. మల్టీమీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టి పసుపు వైరుకు వరుసలో కలిపి చూడండి. ఎరుపు మొనను మీటర్ మీద 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చడం మరవకండి. పని కాగానే మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చండి. అలాగే వదిలేసి వోల్టేజీ కొలవబోతే షార్ట్ అవుతుంది.

బెజవాడ_సెల్లారు · ఆదివారం, రాత్రి 9:30

మాస్టారూ, నేను రోజూ ఆఫీసుకు రానూపోనూ 50 నిమిషాలు నడుపుతాను. రేపు సాయంత్రం కొలిచి చెబుతాను. అన్నయ్యా, నలుపు వైరు సరిగ్గానే ఉందా అని కూడా అనుమానం. బోల్టు మీద రంగు ఉంది.

తీగలపని · ఆదివారం, రాత్రి 9:52

రంగు మీద ఎర్తు నమ్మకం కాదు. మీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి, ఒక మొన ఆ బోల్టుకు, ఒక మొన బాడీలో మరో చోట రంగు లేని లోహానికి తగిలించండి. ఒక ఓమ్ లోపు రావాలి. వైరు చివర గుండ్రటి లగ్గు (రంధ్రం ఉన్న లోహపు కొస) నొక్కి క్రింప్ చేసి బోల్టు కింద బిగించండి, పోచలను మెలిపెట్టి దూర్చవద్దు. సీటు బెల్టు బోల్టు, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ బోల్టు వాడకండి.

ఎర్తు కోసం నేరుగా బ్యాటరీ నెగెటివ్ కొసకు కూడా వెళ్లకండి. ఇప్పటి చాలా కార్లలో ఆ కొస మీద బ్యాటరీ సెన్సార్ కూర్చుని, వచ్చే పోయే కరెంటును లెక్కపెడుతుంది. దాన్ని దాటవేసి వైరు కడితే మీ కెమెరా తిన్నది దాని లెక్కలోకి రాదు. బాడీకి కడితేనే లెక్క సరిగ్గా ఉంటుంది.

గోదావరి_గట్టు (రాజమహేంద్రవరం) · సోమవారం, ఉదయం 6:48

ఇంతవరకు ఎవరూ అనలేదు కనుక రాస్తున్నాను. ముందు అద్దం పక్కనున్న స్తంభం, అదే ఏ-పిల్లర్ లోపల వైరు ఎలా లాగారు? మీ కారుకు కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్నాయా?

బెజవాడ_సెల్లారు · సోమవారం, ఉదయం 7:15

ఉన్నాయి గారు. పిల్లర్ ప్లాస్టిక్ అంచును కొంచెం వదులు చేసి వైరును లోపలికి తోశాను. పూర్తిగా విప్పలేదు.

గోదావరి_గట్టు · సోమవారం, ఉదయం 7:31

అయితే ఈ రోజే విప్పి చూడండి, బతిమాలుతున్నాను. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మడత పెట్టి ఆ పిల్లర్ నుంచి పైకప్పు అంచు దాకా ఉంటుంది. మీ వైరు దాని ముందు నుంచి, అంటే మనుషులు కూర్చునే వైపు నుంచి వెళ్తే, విచ్చుకునే బ్యాగ్‌కు అడ్డం పడుతుంది, లేదా వైరూ ప్లాస్టిక్ ముక్కా దానితోపాటు మొహం మీదికి ఎగిరివస్తాయి. వైరు బ్యాగ్ వెనక నుంచి, కారు రేకు వైపు నుంచి, అసలు వైర్ల కట్టను అంటిపెట్టుకుని వెళ్లాలి. కట్టకు రెండు చోట్ల గుడ్డ టేపు వేయండి. బ్యాగ్‌కు మాత్రం ఏ టేపూ ఏ జిప్ టై తగలకూడదు. పని మొదలుపెట్టే ముందు తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగెటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో మిగిలిన చార్జ్ పోవడానికి ఆ సమయం కావాలి. పిల్లర్ క్లిప్పుల్లో కొన్ని ఒక్కసారి వాడేవి ఉంటాయి, విరిగితే కొత్తవి వేయాలి.

నిపుణుడి దగ్గరికి వెళ్లినా ఇదే ఒక్క మాట అడగండి: వైరు బ్యాగ్ ముందు నుంచా, వెనక నుంచా? జవాబు వెంటనే రాకపోతే పని ఇవ్వకండి.

వకీలు_సాయంత్రం (వరంగల్) · సోమవారం, మధ్యాహ్నం 1:20

వైరింగ్ గురించి నాకు తెలిసింది తక్కువ, కోర్టులో ఈ వీడియోల సంగతి మాత్రం రోజూ చూస్తాను. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డుకు పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 65బి అడిగిన సర్టిఫికెట్టును ఇప్పుడు సెక్షన్ 63 అడుగుతుంది. కొత్త నమూనాలో రెండు భాగాలు ఉన్నాయి. ఒకటి రికార్డు సమర్పించేవారిది, రెండోది నిపుణుడిది. ఫైలు హ్యాష్ విలువ (ఫైలులో ఏ మార్పు జరిగినా మారిపోయే గుర్తింపు సంఖ్య) కూడా రాయాలి.

అందుకే ఏదైనా జరిగితే కెమెరా మెమరీ కార్డును వెంటనే తీసి, అందులోని అసలు ఫైలును తాకకుండా దాచండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీ నాణ్యత తగ్గి, హ్యాష్ మారిపోతుంది. కెమెరాలో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో నెలకొకసారి చూసుకోండి. జీపీఎస్ ఉన్న కెమెరాలో టైమ్ జోన్‌ను +5:30గా పెట్టకపోతే రాత్రి జరిగినది సాయంత్రం జరిగినట్టు నమోదవుతుంది. ఒక ప్రమాదం కేసులో అవతలి న్యాయవాది ఈ ఒక్క తేడా మీద గంటసేపు ప్రశ్నించడం చూశాను.

మ్యూనిక్_తెలుగు (జర్మనీ) · సోమవారం, సాయంత్రం 5:44

ఇక్కడి పద్ధతి పూర్తిగా వేరు. 2018 మే 15న ఇక్కడి అత్యున్నత సివిల్ న్యాయస్థానం, ఆగకుండా రికార్డు చేయడం డేటా రక్షణ చట్టానికి విరుద్ధమే అయినా ప్రమాదం కేసులో ఆ వీడియోను సాక్ష్యంగా పరిశీలించవచ్చని తీర్పు ఇచ్చింది. అందుకని నేను నిలిపి ఉంచిన కారులో రాత్రంతా రికార్డింగు పెట్టను, కుదుపు వచ్చినప్పుడు చిన్న ముక్క మాత్రం దాచేలా పెట్టాను. యూరప్‌లో ఉన్న మనవాళ్లు ఇండియా నుంచి కిట్ తెచ్చుకునే ముందు తామున్న దేశం నిబంధన చూసుకోండి.

బెజవాడ_సెల్లారు · సోమవారం, రాత్రి 10:50

గోదావరి_గట్టు గారికి చేతులెత్తి నమస్కారం. పిల్లర్ విప్పాను. వైరు సరిగ్గా ఎయిర్‌బ్యాగ్ ముందు నుంచే వెళ్తోంది. వారం రోజులు ఆ కారులోనే మా అమ్మాయిని బడిలో దింపాను. తలచుకుంటే ఇంకా ఒళ్లు జలదరిస్తోంది. బ్యాటరీ నెగెటివ్ తీసి, పావుగంట ఆగి, వైరును వెనక నుంచి లాగి అసలు కట్టకు టేపు వేశాను. ఒక క్లిప్పు విరిగింది, రేపు కొత్తది తెస్తాను. అంతవరకు కారు తీయను.

పసుపు వైరును డోర్ లాక్ ఫ్యూజుకు మార్చాను. ముందు అరగంట పరీక్ష చేశాను, 45 నిమిషాల తర్వాత కూడా 12.6 ఉంది. ట్యాప్ దిశ చూస్తే ఇంతకుముందు రెండూ తిరగేసే పెట్టానని తేలింది. రెండూ సరిచేశాను. 10 ఆంపియర్ల ఫ్యూజులు తీసి 2 ఆంపియర్లవి వేశాను. ఎర్తు బోల్టు మొదట 14 ఓమ్‌లు చూపింది, కింది రంగు గీకి లగ్గు బిగించాక 0.3. కెమెరా పార్కింగ్ మోడ్‌లో 0.26 ఆంపియర్లు తీసుకుంటోంది, మాస్టారి అంచనాకు దగ్గరే. కటాఫ్ 12.2 పెట్టనా, 12.4 ఉంచనా?

తీగలపని · సోమవారం, రాత్రి 11:06

రోజూ నడుపుతున్నారు కనుక 12.2 పెట్టవచ్చు. చలికాలంలో ఉదయం స్టార్టర్ బరువుగా తిరిగినట్టు అనిపిస్తే 12.4కి తీసుకెళ్లండి. వెనక కెమెరా కూడా పెట్టే ఆలోచన ఉంటే, డిక్కీ తలుపు దగ్గరి రబ్బరు గొట్టం లోపల నుంచే వైరు లాగండి. బయట నుంచి తెస్తే తలుపు పడి వైరు నలుగుతుంది. రబ్బరుకు కాస్త సిలికాన్ స్ప్రే కొడితే వైరు జారుతుంది.

రైతుబజార్_రోడ్ (గుంటూరు) · మంగళవారం, ఉదయం 9:17

నాదొక చిన్న ప్రశ్న. కిట్ పెట్టినప్పటి నుంచి ఎఫ్‌ఎం రేడియోలో గరగరమని శబ్దం వస్తోంది. కెమెరా తీసేస్తే పోతోంది. కారు రేడియో పాడయిందా?

తీగలపని · మంగళవారం, ఉదయం 9:45

రేడియోకు ఏమీ కాలేదు. కిట్‌లోని చిన్న పెట్టె 12 వోల్టులను 5 వోల్టులకు మార్చేటప్పుడు చాలా వేగంగా ఆన్, ఆఫ్ అవుతుంటుంది. దాని రొద గాలిలోకి వెళ్లి యాంటెనాకు చేరుతోంది. నాసిరకం కిట్లలో ఇది ఎక్కువ. ముందు ఆ పెట్టెను యాంటెనా కేబుల్‌కు దూరంగా జరపండి. తర్వాత కెమెరా కేబుల్‌కు రెండు చివరలా క్లిప్‌లా బిగించే ఫెరైట్ ముక్కలు వేయండి. అప్పటికీ పోకపోతే కిట్ మార్చడమే. అదే రొద కెమెరా జీపీఎస్‌ను కూడా చెడగొట్టగలదు.

బెజవాడ_సెల్లారు · శుక్రవారం, రాత్రి 8:22

మూడు రాత్రులు పూర్తిగా రికార్డు అయ్యాయి, తెల్లవారి ఆరు దాకా. ఉదయం బ్యాటరీ దగ్గర వరుసగా 12.5, 12.4, 12.5 వచ్చాయి. నిన్న రాత్రి 11:40కి పక్క కారు తలుపు నా కారుకు తగిలేంత దగ్గరికి వచ్చి ఆగడం కనిపించింది. తగల్లేదు. ఆయనతో ఈ ఉదయం మాట్లాడాను, ఇద్దరం స్తంభానికి చెరో వైపు జరిగి నిలుపుకుందామని అనుకున్నాం.

సర్వీసుకు ఇచ్చినప్పుడు ఎవరూ ట్యాప్‌లు పీకకుండా ఫ్యూజు బాక్సు మూత లోపల ఒక చీటీ అంటించాను. "డాష్‌క్యామ్. డోర్ లాక్ ఫ్యూజు: పసుపు, 2 ఆంపియర్లు. సాకెట్ ఫ్యూజు: ఎరుపు, 2 ఆంపియర్లు. ఎర్తు: ఎడమ బోల్టు."

తీగలపని · శుక్రవారం, రాత్రి 8:40

చీటీ మీద తేదీ కూడా వేయండి తమ్ముడూ. ట్యాప్ దిశను బాణం గుర్తుతో గీయండి. నాలుగేళ్ల తర్వాత ఆ మూత తీసేది మీరే కానక్కరలేదు.